ఇనుయిట్‌ల దుస్తులు, పనిముట్లు, వేట సామగ్రి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇనుయిట్‌లు, ఎస్కిమోలు ఒకరేనా?

మన పాఠ్యపుస్తకాల్లో ఎస్కిమోలుగా చదువుకున్నవారిలో ఎక్కువమంది వీరే. కెనడాలోనూ గ్రీన్‌లాండ్‌లోనూ ఆ పాత పేరును ఇప్పుడు అవమానంగా భావిస్తారు కాబట్టి ఇక్కడ వాడటం లేదు. కెనడా ఉత్తరాన ఉన్న నునావుట్, క్విబెక్ ఉత్తర భాగమైన నునావిక్, లాబ్రడార్ తీరం, గ్రీన్‌లాండ్, అలాస్కా ఉత్తర తీరం వీరి నేల. 2021 జనగణనలో కెనడాలో తమను ఇనుయిట్‌లుగా చెప్పుకున్నవారు దాదాపు 70 వేల మంది. ఒక్కో తీరంలో దొరికే జంతువు వేరు, మంచు తీరు వేరు. కాబట్టి కింద చెప్పేవన్నీ అన్నిచోట్లా ఒకేలా ఉంటాయనుకోకూడదు. ఎక్కువగా కెనడా ఆర్కిటిక్ పద్ధతులు చెబుతున్నాను. మిగతా ప్రాంతాల సంగతి వచ్చినప్పుడు పేరు పెట్టి చెబుతాను.

మైనస్ 40 డిగ్రీల చలిని తోలుదుస్తులు ఒక్కటే ఆపగలవా?

ఆపగలవు, కానీ ఏ తోలు పడితే ఆ తోలు పనికిరాదు. చలికాలపు దుస్తులకు కారిబూ అనే ఉత్తరాది జింక తోలుకు సాటి లేదు. దాని వెంట్రుకల్లో ఒక్కొక్కటీ లోపల బోలుగా, గాలి నిండి ఉంటుంది. ఈ తోలుతో రెండు పొరలుగా కుడతారు. లోపలి అంగీ అతిగి. దాని బొచ్చు ఒంటికి తగిలేలా లోపలివైపు ఉంటుంది. పైన వేసుకునేది కులిత్తాక్, దాని బొచ్చు బయటికి ఉంటుంది. రెండింటి మధ్య గాలి పొర. ప్యాంట్లు, మేజోళ్లు కూడా అలాగే రెండేసి. ఇంతా కలిపి ఒక మనిషి దుస్తుల బరువు సుమారు నాలుగు కిలోలే.

అయితే ఈ దుస్తుల గొప్పతనాన్ని వెచ్చదనంతో కొలిస్తే సగమే అర్థమవుతుంది. ఆర్కిటిక్‌లో మనిషిని చంపేది చాలాసార్లు తడి. కుక్కల బండి వెంట పరుగెత్తినవాడికి చెమట పడుతుంది. ఆగి కూర్చోగానే ఆ చెమట గడ్డకడుతుంది. అందుకే అంగీని వదులుగా కుడతారు, ముందువైపు తెరిచే వీలు ఉంచరు, తలముసుగును అంగీకే కలిపేస్తారు. వేడిగాలి పైకే పోతుంది కదా. ఒళ్లు వేడెక్కితే ముసుగు వెనక్కి నెట్టి మెడ దగ్గర కాస్త వదులు చేస్తే చాలు, లోపలి ఆవిరి బయటికి వెళ్లిపోతుంది. కూర్చున్నప్పుడు మళ్లీ ముసుగు లాక్కుంటే వెచ్చదనం లోపలే ఆగుతుంది. జిప్పు లేదు, బొత్తాం లేదు, అయినా వేడిని హెచ్చించుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఈ తడి సంగతి గుర్తుంచుకుంటే ఇనుయిట్‌ల వస్తువుల్లో చాలావాటి రూపం ఎందుకు అలా ఉందో తెలిసిపోతుంది.

ముసుగు చుట్టూ పొడవాటి బొచ్చు అంచు అలంకారమేనా?

అందంగా ఉంటుందన్నది నిజమే. కానీ అది ముఖం చుట్టూ గాలిని నిలవేసి చర్మం కొరికినట్టు కాకుండా కాపాడుతుంది. తోడేలు, వుల్వరీన్ అనే ఉత్తరాది మృగం బొచ్చులకు గిరాకీ ఎక్కువ. ఊపిరిలోని తేమ వాటిపై మంచుపొడిగా పేరుకున్నా చేత్తో దులిపితే సులువుగా రాలిపోతుంది.

ఒక మనిషికి ఎన్ని చర్మాలు కావాలి?

పెద్దవారికి పూర్తి దుస్తులు కుట్టాలంటే ఆరు నుంచి ఎనిమిది కారిబూ తోళ్లు పడతాయి. వేసవి చివర, శరదృతువు మొదట్లో వేటాడిన జింకల తోళ్లే మంచివి. అంతకుముందైతే ఒక రకం ఈగ పిల్లపురుగులు చర్మానికి చేసిన చిల్లులు మానకుండా ఉంటాయి. నడిచలికాలంలో బొచ్చు మరీ దట్టమై బరువెక్కుతుంది, ఆ తోళ్లు పరుపులకు వాడతారు. అంటే ఏడాదంతా కప్పుకునే బట్టను కొన్ని వారాల్లో సంపాదించుకోవాలి. వేట తప్పితే ఆకలితో పాటు చలి కూడా వెంటపడేది. పైగా కారిబూ బొచ్చు రాలుతుంది. రోజూ తొడిగే దుస్తులు ఒకటి రెండు చలికాలాలకు మించి నిలవవు.

కారిబూ లేనిచోట ఏం చేసేవారు?

హడ్సన్ అఖాతంలోని బెల్చర్ దీవుల్లో కారిబూ మందలు 19వ శతాబ్దం చివర్లో కనుమరుగయ్యాయి. అక్కడివారు ఈడర్ బాతుల చర్మాలను ఈకలతో సహా జతచేసి అంగీలు కుట్టుకున్నారు. గ్రీన్‌లాండ్ వాయవ్యాన కానాక్ ప్రాంతపు వేటగాళ్లు ధ్రువపు ఎలుగుబంటి తోలు ప్యాంట్లు తొడుగుతారు. మంచు మీద గంటల తరబడి కూర్చున్నా తడి అంటదు. అలాస్కాలో సీల్, వాల్రస్ అనే సముద్ర జంతువుల పేగులను శుభ్రం చేసి, ఊది, ఆరబెట్టి, పట్టీలుగా కోసి వానకోటులు కుట్టేవారు. వెలుతురు అవతలినుంచి కనిపించేంత పలుచగా ఉంటాయి, నీటిచుక్క లోపలికి రాదు.

బూట్లలోకి నీరు రాకుండా ఎలా కుడతారు?

నా దృష్టిలో మొత్తం సామగ్రిలో అన్నిటికన్నా తెలివైన పని ఇదే. బూట్లను కమిక్‌లంటారు. వసంతంలో మంచు కరిగి బురదబురదగా ఉన్నప్పుడు తొడిగేవి సీల్ తోలువి. బొచ్చు తీసేసిన తోలుకు నీటిని ఆపే గుణం ఎక్కువ. అడుగుభాగానికి మందంగా ఉండే గడ్డపు సీల్ తోలు వాడతారు. పైభాగానికి చిన్నదైన రింగ్డ్ సీల్ తోలు చాలు.

తోలు నీటిని ఆపినా కుట్టు ఆపకపోతే ఏం లాభం? సూది గుచ్చిన ప్రతిచోటా ఒక చిల్లు ఉంటుంది. అందుకే అక్కడి ఆడవారు సూదిని రెండు తోళ్లలోంచీ ఆవలికి దించరు. ఒక తోలును పూర్తిగా, రెండోదాన్ని మందంలో సగం వరకే గుచ్చి దారం లాగుతారు. ఆ వరుస పూర్తయ్యాక, మిగిలిన అంచును మడిచి రెండో వైపునుంచి మళ్లీ అలాగే కుడతారు. రెండు వరుసలైనా ఇటు నుంచి అటు తేలే చిల్లు ఒక్కటీ ఉండదు. దారం కారిబూ వెన్ను పక్కన ఉండే తెల్లటి నార. దాన్ని ఎండబెట్టి, సన్నగా చీల్చి, నోటితో తడి చేసి వాడతారు. నీళ్లు తగిలితే ఈ నార ఉబ్బి, ఉన్న కాస్త సందునూ మూసేస్తుంది. నూలుదారానికీ నైలాన్‌దారానికీ ఈ గుణం లేదు.

పాత సూదులు ఎముకవి, దంతానివి. విరిగిపోకుండా బోలు ఎముకతో చేసిన డబ్బీలో పెట్టుకునేవారు. వేలికి సీల్ తోలు తొడుగు. ప్రదర్శనశాలల్లో ఈటెలకు పెద్ద అద్దాల పెట్టె, సూదులకు మూలన చిన్న అర కేటాయిస్తారు. సూది లేకపోతే ఈటె పట్టుకున్నవాడు గుడిసె దాటి పోలేడు. ఏది ముందు పెట్టాలో నాకైతే సందేహం లేదు.

తోలును పళ్లతో నములుతారన్నది నిజమా?

నిజమే. తోలు వెనకనున్న పొరను, కొవ్వును గీకుడు కత్తులతో తీసి, సాగదీసి, ఎండబెట్టి, మళ్లీ గీకి మెత్తబరుస్తారు. బూటు అడుగు మాత్రం ఎంత గీకినా బిరుసుగానే ఉంటుంది. దాన్ని అంచుల వెంట కొరికి మడతలు పెట్టి పాదం ఆకారానికి తెస్తారు. రాత్రి ఆరాక మళ్లీ గట్టిపడిన బూట్లను పొద్దున్నే భర్త బయల్దేరేలోగా నమిలి మెత్తబరచడం కూడా ఇంటిపనే. పెద్ద వయసు వచ్చేసరికి వారి ముందుపళ్లు చిగుళ్ల దాకా అరిగిపోయేవి.

అమౌటి అంటే?

తల్లులు వేసుకునే అంగీ. వెనక వీపు దగ్గర బిడ్డ కూర్చునే సంచి ఉంటుంది, తలముసుగు చాలా పెద్దది. బిడ్డ తల్లి వీపుకు ఆని ఉంటుంది కాబట్టి ఇద్దరి వేడీ ఒకటే. నడుము దగ్గర కట్టే తాడు బిడ్డ కిందికి జారకుండా ఆపుతుంది. భుజాలు వెడల్పుగా ఉండటం వల్ల బిడ్డను చలికి బయటపెట్టకుండానే లోపల్లోపలే ముందుకు తిప్పుకుని పాలివ్వవచ్చు. ఇది ప్రదర్శనశాల వస్తువుగా మిగిలిపోలేదు. ఇప్పుడు గుడ్డతో కుట్టిన అమౌటిలు నునావుట్ రాజధాని ఇకాలుయిట్ దుకాణాల్లో, వీధుల్లో మామూలుగా కనిపిస్తాయి.

ఇంట్లోకి వచ్చాక మంచు కరిగి దుస్తులు తడవవా?

తడవకూడదనే గడప బయటే పని మొదలవుతుంది. కొమ్ముతోనో చెక్కతోనో చేసిన చదునైన కర్రతో దుస్తులను కొట్టి మంచుపొడి రాల్చి లోపలికి వస్తారు. లోపల కుల్లిక్ దీపం ఉంటుంది. బలపపు రాయిని పళ్లెంలా తొలిచి, సీల్ కొవ్వు నూనె పోసి, అంచు వెంట నాచు, ఆర్కిటిక్ పత్తిగడ్డి వత్తిగా పరిచి వెలిగిస్తారు. మంట వెడల్పుగా, పొగ లేకుండా నిలబడాలంటే వత్తిని సరిచేస్తూ ఉండాలి. అది ఇంటి ఇల్లాలి నేర్పు. వెలుతురు, వంట, తాగడానికి మంచు కరిగించడం అన్నీ దాని మీదే. దీపం పైన వేలాడే చట్రం మీద బూట్లు, చేతి తొడుగులు ఆరేస్తారు. ఇనుయిట్‌ల ఇంట్లో ఈ చట్రం ఖాళీగా ఉండే రాత్రి ఉండేది కాదు.

ఉలు ఎలాంటి కత్తి?

అర్ధచంద్రాకారపు అలుగు, పైన మధ్యలో పిడి. ఆడవారి కత్తి. తోలు కోయడానికి, కొవ్వు గీకడానికి, మాంసం తరగడానికి, పసిపిల్లల జుట్టు కత్తిరించడానికి కూడా ఇదే. పిడి అలుగుకు సరిగ్గా పైన ఉండటం వల్ల చేతి బలమంతా నేరుగా కోతమీద పడుతుంది. పాతవి పలకరాయివి. ఇప్పటివాటిలో చాలా పాత రంపపు రేకుతో చేసినవి.

ఇనుము లేని చోట అలుగులు ఎక్కడివి?

పలకరాయి, ఎముక, వాల్రస్ దంతం ఎలాగూ ఉన్నాయి. కెనడా ఆర్కిటిక్‌లోని కొరొనేషన్ గల్ఫ్ ప్రాంతంలో నేలమీద దొరికే రాగిని చల్లగానే కొట్టి సాగదీసి వాడేవారు. గ్రీన్‌లాండ్ వాయవ్యంలో ఆకాశమే ఇనుము ఇచ్చింది. కేప్ యార్క్ దగ్గర పడిన ఉల్క ముక్కల నుంచి రాళ్లతో కొట్టి చిన్న రేకులు తీసి, ఎముక పిడి అంచున బిగించేవారు. ఆ ఉల్కలో 31 టన్నుల ముక్కను అమెరికా అన్వేషకుడు రాబర్ట్ పియరీ 1897లో న్యూయార్క్ తరలించాడు. ఇప్పుడు అది అక్కడి ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాలలో ఉంది.

మంచు కళ్లద్దాల్లో అద్దం ఉండదా?

ఉండదు. కొమ్ము, దంతం లేదా చెక్కను కళ్లకు సరిపోయేలా చెక్కి, సన్నని అడ్డగీతంత చీలిక పెడతారు. వసంతంలో మంచుమీద పడి తిరిగివచ్చే ఎండ కంటిపొరను కాల్చి కొన్నాళ్లు చూపు లేకుండా చేస్తుంది. చీలిక ఆ వెలుగును చాలావరకు ఆపుతుంది. లోపలివైపు మసి పూస్తే మెరుపు ఇంకా తగ్గుతుంది. సన్నని చీలికలోంచి చూస్తే దూరపు వస్తువు మరింత స్పష్టంగా కనిపించడం అదనపు లాభం. మామూలు అద్దాల్లా ఆవిరి పట్టి మసకబారే గొడవ కూడా లేదు.

హార్పూన్ మామూలు ఈటె కంటే ఎందులో మేలు?

ఈటె దిగిన సీల్ నీళ్లలోకి మునిగితే ఈటె ఊడిపోతుంది, జంతువు చేజారుతుంది. హార్పూన్ మొన విడి ముక్క. దానికి తోలుతాడు కట్టి ఉంటుంది. కొట్టగానే మొన తోలు కింద దిగి కర్ర నుంచి విడిపోతుంది. తాడు బిగియగానే, చొక్కా గుండీ కాజాలోంచి దూరి అడ్డం తిరిగినట్టు, మొన గాయం లోపల అడ్డంగా తిరుగుతుంది. ఎంత లాగినా బయటికి రాదు. తాడు రెండో కొస మంచుమీద వేటగాడి చేతిలోనో, పడవ మీదైతే గాలి ఊదిన సీల్ తోలు తిత్తికో ఉంటుంది. ఆ తిత్తి పేరు అవతాక్. మునిగిన జంతువును అలసటకు గురిచేసేదీ, ఎక్కడ తేలుతుందో చూపేదీ అదే.

సుమారు వెయ్యేళ్ల కిందట అలాస్కా నుంచి తూర్పుకు వ్యాపించి గ్రీన్‌లాండ్ చేరిన తూలే సంస్కృతివారు ఇలాంటి హార్పూన్లతోనే తిమింగలాలను సైతం వేటాడారు. నేటి ఇనుయిట్‌లు వారి సంతతే.

గడ్డకట్టిన సముద్రంలో సీల్ ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

మంచు మందమైనా సీల్ ఊపిరి తీసుకోక తప్పదు. సముద్రం గడ్డకట్టడం మొదలైనప్పటి నుంచే రింగ్డ్ సీల్ తన గోళ్లతో గీకుతూ కొన్ని రంధ్రాలను తెరిచి ఉంచుకుంటుంది. పైన మంచు కప్పి అవి కంటికి కనిపించవు. కుక్కలు వాసనతో పట్టిస్తాయి. వేటగాడు సన్నని కొమ్ముకడ్డీ దించి రంధ్రం ఏ వైపు వంగి ఉందో తెలుసుకుంటాడు, ఏ కోణంలో పొడవాలో అప్పుడే తేల్చుకుంటాడు. తరువాత రంధ్రంలో నీటిమట్టం దాకా ఒక సన్నని కడ్డీయో, పైన ఒక పక్షి నూగో పెడతాడు. కాళ్ల కింద బొచ్చుతోలు ముక్క పరుచుకుంటాడు, మంచు చప్పుడు చేస్తే సీల్ వింటుంది.

ఇక నిలబడటమే. నడుము వంచి, కదలకుండా, గంటల తరబడి. ఒక్క సీల్‌కు అనేక రంధ్రాలు ఉంటాయి కాబట్టి అది ఇక్కడికే వస్తుందన్న హామీ లేదు. వీలైనన్ని రంధ్రాల దగ్గర ఒక్కొక్కరు నిలబడటానికే బృందంగా వెళ్తారు. సీల్ వస్తే నీరు కడ్డీని పైకి నెడుతుంది, ఊపిరికి నూగు వణుకుతుంది. వేటగాడికి జంతువు కనిపించదు. ఆ వణుకును చూసి నేరుగా కిందికి పొడుస్తాడు. తాడు పట్టుకుని, కర్ర రెండో కొసనున్న ఉలితో రంధ్రం పెద్దది చేసి పైకి లాగుతాడు.

చనిపోయిన సీల్ నోట్లో కాస్త మంచినీళ్లు పోయడం ఆచారం. ఉప్పునీటిలో బతికిన జీవికి దాహం ఉంటుందని, మర్యాద చేస్తే దాని ఆత్మ మళ్లీ వస్తుందని నమ్మకం. కెనడా ఆర్కిటిక్‌లోని ఒక తెగ అయిన నెట్సిలిక్ ఇనుయిట్‌లలో సీల్‌లోని ఏ భాగం ఏ భాగస్వామికి చెందాలో పిల్లవాడి చిన్నప్పుడే నిర్ణయమయ్యేది. వేట దొరికిన ఇల్లూ దొరకని ఇల్లూ ఒకే రోజు తినడానికి చేసుకున్న ఏర్పాటు అది. గంటలు నిలబడి వట్టి చేతులతో వచ్చినవాడి కడుపు కూడా నిండుతుంది.

ఇప్పుడు మరోసారి దుస్తుల మాట. మైనస్ 40లో కదలకుండా గంటలు నిలబడగలిగిందెలా? ఈ వేటకు అసలు పరికరం ఒంటిమీద ఉన్న అంగీయే.

కయాక్ కూడా వీరిదేనా?

అవును. సముద్రంలో కొట్టుకొచ్చిన కలపతో చట్రం, పైన సీల్ తోలు కప్పు. కొలతలు వేటగాడి ఒంటివే, మూరలూ జానలూ బెత్తలూ లెక్క. అందుకే ఒకరి కయాక్ మరొకరికి సరిగ్గా అమరదు. గ్రీన్‌లాండ్‌లో తుయిలిక్ అనే సీల్ తోలు చొక్కా అంచును కూర్చునే రంధ్రం చుట్టూ బిగించేవారు. ముఖం, ముంజేతుల దగ్గర కూడా తాళ్లతో బిగిస్తే మనిషి, పడవ ఒకే ముక్క. తలకిందులైనా తెడ్డుతో తిరిగి లేవవచ్చు, చుక్క నీరు లోపలికి పోదు. నేటి ఆటగాళ్లు పోటీల్లో చేసే కయాక్ పల్టీ అప్పట్లో ప్రాణం దక్కించుకునే ఉపాయం.

బండికి మేకులు ఎందుకు కొట్టరు?

కముతిక్ అనే మంచుబండిలో అడ్డపట్టీలను తోలుతాళ్లతోనే కడతారు. ఎగుడుదిగుడు మంచుమీద బండి వంగుతూ సర్దుకుపోవాలి. మేకులు కొడితే విరుగుతుంది. పట్టాల అడుగున తడి మట్టి పూసి, అది గడ్డకట్టాక, నోట్లో నీళ్లు పోసుకుని ఎలుగుబంటి తోలు ముక్కతో పలుచగా పులిమి గాజులాంటి పొర తెప్పిస్తారు. కలప దొరకని నెట్సిలిక్‌లు చేపలను తోలులో చుట్టి గడ్డకట్టించి పట్టాలుగా వాడేవారు. ఎండాకాలం రాగానే బండి విప్పి చేపలు తినేయవచ్చు.

వేటలో, కుట్టుపనిలో నిషేధాలేమైనా ఉండేవా?

చాలా. నేల జంతువునూ సముద్ర జంతువునూ కలపకూడదన్నది వాటిలో ముఖ్యం. చాలా ప్రాంతాల్లో కారిబూ దుస్తుల కుట్టుపని పూర్తిచేశాకే సీల్ వేటకు సముద్రపు మంచుమీదికి వెళ్లేవారు. అక్కడికి వెళ్లాక కొత్త కారిబూ తోలు కుట్టకూడదు. కుడితే సముద్రపు అడుగున ఉండే తల్లి, కొన్నిచోట్ల సెడ్నా, కొన్నిచోట్ల నులియాయుక్ అని పిలిచే దేవత, కోపగించి జంతువులను దాచేస్తుందని భయం. 1921 నుంచి 1924 వరకు గ్రీన్‌లాండ్ నుంచి అలాస్కా వైపు ప్రయాణించిన డెన్మార్క్ అన్వేషకుడు క్నుడ్ రాస్ముసెన్ బృందం ఇలాంటి నియమాలను వివరంగా రాసి పెట్టింది. భక్తి మాట అలా ఉంచితే, చలి ముదిరేలోగా ఇంటిల్లిపాది దుస్తులు సిద్ధమయ్యేలా చేసిన గడువు కూడా ఇదే.

యూరోపియన్లు వీరి నుంచి నేర్చుకున్నారా?

కొందరు నేర్చుకున్నారు. 1845లో రెండు ఓడలతో వచ్చిన బ్రిటిష్ అన్వేషకుడు జాన్ ఫ్రాంక్లిన్ బృందంలో 129 మంది ఉన్నితోనే నెట్టుకొచ్చారు, ఒక్కరూ తిరిగి రాలేదు. కారణాలు అనేకం. అదే సముద్రతీరంలో ఇనుయిట్ కుటుంబాలు పిల్లలతో బతుకుతున్నాయన్నది మాత్రం మరచిపోరానిది. నార్వే అన్వేషకుడు రోఆల్డ్ అముండ్‌సెన్ 1903 తరువాత రెండు చలికాలాలు ఇప్పటి జోవా హేవన్‌లో నెట్సిలిక్‌ల మధ్య గడిపి, వారి దుస్తులు తొడుక్కుని, మంచుబండి పట్టాలకు పొర పట్టించడం నేర్చుకున్నాడు. 1911 డిసెంబర్ 14న దక్షిణ ధ్రువం చేరినప్పుడు అతని బృందం దగ్గర ఉన్నది ఆ పద్ధతి బొచ్చుదుస్తులే.

పాత దుస్తులు ఎక్కడైనా మిగిలాయా?

1972లో గ్రీన్‌లాండ్ పశ్చిమ తీరాన కిలాకిత్సోక్ దగ్గర రాతి చరియ కింద సమాధులు బయటపడ్డాయి. సుమారు 1475 నాటివి. ఆరుగురు స్త్రీలు, ఇద్దరు పిల్లలు. చలి, పొడిగాలి వల్ల దేహాలు, 78 దుస్తులు చెడకుండా నిలిచాయి. సీల్ తోలు అంగీలు, కమిక్‌లు, లోపల పక్షి చర్మపు అంగీలు. కొన్ని గ్రీన్‌లాండ్ రాజధాని నూక్‌లోని జాతీయ ప్రదర్శనశాలలో చూడవచ్చు.

టొరంటోలో ఉండే తెలుగువారికి ఇంకా దగ్గరి దారి ఉంది. అక్కడి బాటా షూ మ్యూజియం ధ్రువప్రాంతపు పాదరక్షల సేకరణకు పేరుపొందినది. కమిక్ కుట్టును దగ్గరగా చూడాలనుకుంటే వెళ్లవలసింది అక్కడికే.

ఇప్పటికీ ఇవన్నీ వాడుతున్నారా?

తుపాకీ, మంచుస్కూటరు, ఫోను అందరి దగ్గరా ఉన్నాయి. అయినా నడిచలికాలపు దూర వేటకు వెళ్లేవారిలో కొందరు ఇంకా కారిబూ అంగీనే నమ్ముతారు. తుపాకీతో కొట్టిన వాల్రస్ మునిగిపోకుండా పట్టడానికి హార్పూన్ ఇప్పటికీ కావాలి. నునావుట్ ఆర్కిటిక్ కళాశాలలో బొచ్చుతోలు దుస్తుల తయారీ కోర్సు నడుస్తోంది.

సీల్ వేటపై నిషేధం ఉందంటారు, నిజమా?

వీరి వేటపై లేదు, అమ్మకంపై దెబ్బ పడింది. కెనడా తూర్పు తీరంలో పెద్దయెత్తున జరిగిన సీల్ పిల్లల వేటపై వచ్చిన నిరసనలతో 1983లో యూరప్ ఆ తోళ్లను నిషేధించింది. ఇనుయిట్‌లు వేటాడేది ఎక్కువగా పెద్ద రింగ్డ్ సీళ్లను, తినడానికి. అయినా మార్కెట్ మొత్తం కూలింది. వేట ఖర్చుకు వచ్చే కాసిని డబ్బులూ ఆగిపోయాయి. 2009 నాటి కొత్త చట్టంలో ఇనుయిట్‌లకు మినహాయింపు ఇచ్చినా కొనేవారు తిరిగి రాలేదు. 2014లో గ్రీన్‌పీస్ కెనడా శాఖ ఈ నష్టానికి క్షమాపణ చెప్పింది. ముప్పయ్యేళ్లు ఆలస్యమైన క్షమాపణ.

ఫ్యాషన్ సంస్థలు ఈ నమూనాలు వాడుకోవచ్చా?

అడిగి వాడుకుంటే గొడవ లేదు. 2019లో కెనడా గూస్ సంస్థ ఇనుయిట్ కుట్టుపనివారికి డబ్బు చెల్లించి, వారి పేరుతోనే అంగీలు అమ్మింది. అంతకుముందు 2015లో లండన్‌కు చెందిన కేటీజెడ్ అనే ఫ్యాషన్ సంస్థ ఒక ఇనుయిట్ మంత్రవేత్త అంగీ మీది చిత్రాన్ని అడగకుండా స్వెటర్ మీద అచ్చు దించింది. ఆయన వంశీకులు నిలదీయడంతో సంస్థ క్షమాపణ చెప్పి సరుకు వెనక్కి తీసుకుంది.

కెనడా వెళ్లినప్పుడు కొని తెచ్చుకోవచ్చా?

కెనడాలో కొనడం చట్టబద్ధమే. దాటాల్సిన సరిహద్దు దగ్గరే చిక్కు. అమెరికాలో 1972 నాటి సముద్ర క్షీరదాల చట్టం ప్రకారం సీల్ తోలు చేతి తొడుగులైనా, వాల్రస్ దంతపు బొమ్మైనా పర్యాటకులు తీసుకెళ్లకూడదు. డాలస్‌లో ఉన్న చెల్లెలికి కానుకగా కొంటే విమానాశ్రయంలో జప్తు కావచ్చు. భారతదేశానికి తెచ్చే ముందు కూడా అనుమతుల సంగతి కనుక్కోవాలి. ఏ చిక్కూ లేకుండా కావాలంటే బలపపు రాయి శిల్పం కొనండి. దానికి మంచు ఇల్లు బొమ్మ ఉన్న చీటీ కట్టి ఉందో లేదో చూడండి. 1958 నుంచి నడుస్తున్న ఆ గుర్తు ఉంటే అది ఇనుయిట్ కళాకారులు చేసిన వస్తువే.